ఆకాశం నుంచి వచ్చిన అతిథి: ఈ చిత్రం పిల్లలకు చూపవచ్చునా?

పిల్లలూ! సెలవు రోజున ఇంటిల్లిపాదీ కూచుని ఒక సినిమా చూద్దామనుకున్నారనుకోండి. మీరు రోబో ఉన్న సినిమాయే కావాలని పట్టుపడతారు. "అది చూస్తే రాత్రి నిద్రపోవు, వద్దు," అంటుంది అమ్మ. "ఎప్పటిదో పాత సినిమా, దానికేం భయం? చూడనీ," అంటాడు నాన్న. చిన్న తమ్ముడు మాత్రం ఏమీ అనకుండా అమ్మ కొంగు పట్టుకుని నిలబడతాడు. ఇందులో ఎవరి మాట సరి అయినది?

కొందరు ఈ తగవును సినిమా పాతదా, కొత్తదా అన్నదాన్ని బట్టి తీరుస్తారు. మరికొందరు, "అందులో ఒక పిల్లవాడు ఉన్నాడు, కనక అది పిల్లల సినిమాయే," అంటారు. ఈ రెండూ సరి అయిన కొలతలు కావు. అసలు కొలత ఏమిటో తెలుసుకోవటానికి పేరుపడ్డ చిత్రం ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా పరిశీలిద్దాం. ఈ వ్యాసం మీరూ, మీ తల్లిదండ్రులూ కలిసి చదవాలని నా కోరిక.

ఆ చిత్రం పేరు 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'. తెలుగులో 'భూమి నిలిచిపోయిన రోజు' అని చెప్పుకోవచ్చు. అది 1951 లో అమెరికాలో విడుదల అయింది. దర్శకుడు రాబర్ట్ వైజ్. రంగులు లేని నలుపు తెలుపు చిత్రం. నిడివి 92 నిమిషాలు. హారీ బేట్స్ అనే రచయిత 1940 లో ప్రకటించిన ఒక కథ దీనికి ఆధారం. అమెరికాలో కలకాలం భద్రపరచవలసిన చిత్రాలకు జాతీయ జాబితా ఒకటి ఉన్నది. 1995 లో ఈ చిత్రాన్ని అందులో చేర్చారు.

ఇక్కడ పెద్దలకు ఒక హెచ్చరిక. 2008 లో ఇదే పేరుతో మరొక చిత్రం వచ్చింది. అందులో విధ్వంసం చాలా ఎక్కువ. పేరు చూసి ఒకదానికి బదులు మరొకటి పెట్టకండి. మనం చెప్పుకునేది 1951 నాటి చిత్రాన్ని గురించి.

కథ ఏమిటి?

ఒకనాడు ఆకాశంలో ఒక వింత వాహనం కనిపిస్తుంది. అది గంటకు 4,000 మైళ్ల వేగంతో భూమిని చుట్టి, చివరకు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఆటలాడుకునే ఒక పెద్ద మైదానంలో దిగుతుంది. క్షణాలలో సైనికులూ, ఫిరంగులూ, టాంకులూ దాన్ని చుట్టుముడతాయి. వాహనం తలుపు తెరుచుకుని క్లాటూ అనేవాడు బయటికి వస్తాడు. చూడబోతే అచ్చం మనిషే. తాను స్నేహంగా వచ్చానని చెబుతూ చొక్కాలోంచి ఒక వస్తువు తీస్తాడు. అది ఆయుధమేమో అనుకుని బెదిరిపోయిన ఒక సైనికుడు తుపాకి పేలుస్తాడు. క్లాటూ కింద పడిపోతాడు, చేతిలోని వస్తువు పగిలిపోతుంది. తీరా చూస్తే అది ఆయుధం కాదు, అమెరికా అధ్యక్షుడికి తెచ్చిన కానుక! దానితో ఇతర గ్రహాల మీది జీవితాన్ని పరిశీలించవచ్చునట.

అప్పుడు వాహనంలోంచి గోర్ట్ అనే నిలువెత్తు లోహపు రోబో దిగుతుంది. దాని ముఖాన కళ్లు లేవు, ముక్కు లేదు. కళ్లు ఉండవలసిన చోట ఒక రేకు పైకి లేస్తుంది. అందులోంచి వచ్చే కాంతి తగిలి తుపాకులూ, టాంకులూ కరిగి మాయమవుతాయి. క్లాటూ ఆపమన్న మీదటే అది ఆగుతుంది.

క్లాటూ ఆసుపత్రిలో ఒక్క రాత్రిలో కోలుకుంటాడు. ప్రపంచ దేశాల నాయకులందరినీ ఒకచోట చేర్చమని కోరతాడు. వాళ్లలో వాళ్లకు పడదు గనక అది సాధ్యం కాదంటారు. అప్పుడతను తప్పించుకుని, కార్పెంటర్ అని పేరు చెప్పుకుని, మామూలు మనిషిలా ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుంటాడు. అదే ఇంట్లో హెలెన్ అనే ఆమె, ఆమె కొడుకు బాబీ ఉంటారు. బాబీ తండ్రి రెండవ ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఒక సెలవు రోజున బాబీ క్లాటూకు ఊరంతా తిప్పి చూపిస్తాడు. సైనికుల శ్మశానంలో తన తండ్రి సమాధిని చూపిస్తాడు. అన్ని సమాధులు చూసి క్లాటూ నిర్ఘాంతపోతాడు. తన లోకంలో యుద్ధాలు లేవంటాడు.

తరువాత వాళ్లు బార్న్‌హార్ట్ అనే గొప్ప శాస్త్రజ్ఞుని ఇంటికి వెళతారు. ఆయన ఇంట్లో ఉండడు. నల్లబల్ల నిండా సగంలో ఆగిపోయిన లెక్క ఒకటి ఉంటుంది. క్లాటూ దాన్ని సరిదిద్ది వస్తాడు. ఆ లెక్క చూసి ప్రొఫెసర్ అతన్ని పిలిపిస్తాడు. నాయకులు చేరకపోతే పోనీ, ప్రపంచంలోని శాస్త్రజ్ఞులను నేను చేరుస్తానంటాడు. అయితే ముందుగా నీ శక్తి ఏమిటో, ఎవరికీ ప్రాణహాని లేకుండా, లోకానికి చూపించమంటాడు. క్లాటూ అట్లాగే చేస్తాడు. ఒక మధ్యాహ్నం ప్రపంచమంతటా అరగంట సేపు కరెంటు ఆగిపోతుంది. కార్లూ, రైళ్లూ, కర్మాగారాలూ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. ఆసుపత్రులూ, గాలిలో ఎగురుతున్న విమానాలూ మాత్రం ఆగవు. చిత్రానికి ఆ పేరు అందుకే వచ్చింది.

చివరకు సైనికులు క్లాటూను మళ్లీ కాలుస్తారు. ఈసారి అతను చనిపోతాడు. తనకేమైనా అయితే గోర్ట్ రెచ్చిపోతుందని, దాన్ని ఆపటానికి ఒక మాట చెప్పాలని అతను ముందే హెలెన్‌కు నేర్పి ఉంటాడు: "క్లాటూ బరాడా నిక్టో". అర్థం ఏమిటో చిత్రంలో ఎక్కడా చెప్పరు. హెలెన్ పరుగెత్తుకు వెళ్లి, భయపడుతూనే ఆ మాట పలుకుతుంది. గోర్ట్ ఆగుతుంది. క్లాటూ శరీరాన్ని వాహనంలోకి తీసుకుపోయి, అతన్ని కొంతకాలం పాటు బతికిస్తుంది. వెళ్లిపోయే ముందు అతను శాస్త్రజ్ఞులకు తాను వచ్చిన పని చెబుతాడు. అదేమిటో తరువాత చూద్దాం. అసలు చిక్కంతా అందులోనే ఉన్నది.

రెండు రకాల భయాలు

బడిలో చాలా ఏళ్లు కథలు చెప్పినవాడిగా నేను గమనించిన సంగతి ఒకటున్నది. ఒకే కథకు అందరు పిల్లలూ ఒకేచోట భయపడరు. రాక్షసుడి కోరలూ, గుడ్లూ వర్ణిస్తే ఒకటో తరగతి వాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు జరుగుతారు. ఏడో తరగతి వాళ్లు నవ్వుతారు. కరువు వచ్చి ఊరు ఖాళీ అయిపోయిందని చెబితే చిన్నవాళ్లు, "తరువాత ఏమయింది?" అంటారు. పెద్దవాళ్లు మాత్రం, "మన ఊరికి కూడా అట్లా వస్తుందా, మాస్టారూ?" అంటారు.

ఈ తేడాను అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోవాన్ కాంటర్ అనే ఆచార్యురాలు చాలాకాలం పరిశోధించారు. బడికి వెళ్లని చిన్నపిల్లలు కంటికి కనిపించే రూపాన్ని చూసి భయపడతారని ఆమె గమనించారు. టెలివిజన్‌లో ఒక మంచివాడు పచ్చని భారీ మనిషిగా మారిపోయి ఇతరులకు సాయం చేసే కథ ఒకటి వచ్చేది. దాని పేరు 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్'. ఆ పచ్చమనిషి మంచివాడే. అయినా చిన్నపిల్లలు అతన్ని చూసి భయపడ్డారు. పెద్దపిల్లలు భయపడలేదు. చిన్నవాళ్లకు రూపమే మనిషి. పెద్దవాళ్లకు మనిషి చేసే పని ముఖ్యం.

దీనికి తలకిందులుగా ఉన్న సంగతి మరొకటి. 1983 నవంబరులో అమెరికా టెలివిజన్‌లో 'ది డే ఆఫ్టర్' అనే చిత్రం చూపించారు. అణుబాంబులు పడితే ఊళ్లు ఏమవుతాయో అందులో చూపారు. దాన్ని చూసి అందరికన్నా తక్కువ కలత చెందినవారు చిన్నపిల్లలే! పన్నెండేళ్లు దాటినవారు వాళ్లకన్నా ఎక్కువ కలతపడ్డారు. అందరికన్నా ఎక్కువ కలతపడినవారు తల్లిదండ్రులు. ఎందుచేత? అందులో బూచి ఎవరూ లేరు. భయమంతా "ఇది నిజంగా జరిగితే?" అన్న ఆలోచనలో ఉన్నది. ఆ ఆలోచన చేయగల వయసు వచ్చినవారికే ఆ భయం.

అంటే వయసుతోపాటు భయం పోదు, చోటు మారుతుంది. చిన్నప్పుడు కంట్లో ఉంటుంది, పెద్దయ్యాక తలపులోకి పోతుంది. మనం మొదటిదాన్ని కంటి భయం అనీ, రెండవదాన్ని తలపు భయం అనీ అందాం. 'ఈ సినిమా పిల్లలకు తగునా?' అని అడిగేటప్పుడు ఇందులో ఏ భయం ఉన్నదో, మన పిల్లవాడు ఏ భయం దగ్గర ఉన్నాడో రెండూ చూడాలి.

గోర్ట్: కంటి భయం

మన చిత్రంలో కంటి భయమంతా గోర్ట్‌దే. చిన్నపిల్లలకు కష్టమనిపించే ఘట్టాలు నాలుగు. మొదటిది, గోర్ట్ తొలిసారి బయటికి వచ్చి టాంకులను కరిగించటం. రెండవది, రాత్రివేళ అది కదిలి, కాపలా ఉన్న ఇద్దరు సైనికులను కాంతితో మాయం చేయటం. మూడవది, హెలెన్ కింద పడిపోగా అది మీదికి నడిచిరావటం. నాలుగవది, చనిపోయిన క్లాటూను మోసుకువచ్చి బతికించటం. చిత్రంలో రక్తపాతం లేదు, అసభ్యం లేదు. అయినా నలుపు తెలుపు నీడలలో, మాట పలుకూ లేకుండా నడిచే ఆ ముఖం లేని బొమ్మ అయిదారేళ్ల పిల్లవాడికి నిద్రలో కనిపించి, దడుచుకునేట్టు చేయగలదు. "ఇది నిజం కాదురా," అని చెబితే అంత చిన్నవాడికి చాలదు. వాడికి అమ్మ ఒడీ, కాసిని మంచినీళ్లూ, వెలుగుతున్న దీపమే ఎక్కువ పనిచేస్తాయి. వివరించి చెబితే భయం తగ్గేది ఏడెనిమిదేళ్లు వచ్చిన తరువాతనే.

ఆ వయసు వచ్చినవారికి గోర్ట్ గుట్టు విప్పి చెబుతాను, వినండి.

గోర్ట్ లోపల ఉన్నది యంత్రం కాదు, మనిషి. అతని పేరు లాక్ మార్టిన్. ఏడడుగులకు పైన ఎత్తు. హాలీవుడ్‌లో ఒక పెద్ద సినిమాహాలు ద్వారం దగ్గర పనిచేసేవాడు. అంత పొడుగయినా బలం తక్కువ. చిత్రంలో గోర్ట్ మనుషులను అవలీలగా ఎత్తుకుని పోతున్నట్టు కనిపిస్తుంది కదా? నిజానికి ఆయన ఎత్తలేకపోయాడు. కంటికి కనపడని తీగల సాయం కావలసి వచ్చింది! ఒంటి మీది 'లోహం' కూడా లోహం కాదు, రబ్బరుతో చేసిన తొడుగు. అటువంటి తొడుగులు రెండు చేయించారు. ఒకదానికి ముందువైపు కట్లు, రెండవదానికి వెనకవైపు కట్లు. ముందునుంచి ఫొటో తీసేటప్పుడు వెనక కట్లున్న దాన్నీ, వెనకనుంచి తీసేటప్పుడు ముందు కట్లున్న దాన్నీ తొడిగేవారు. అందుచేత ఎటు చూసినా అతుకు కనిపించదు. ఇక టాంకులను కరిగించిన కాంతి, తరువాత ఫిల్ము మీద కలిపిన బొమ్మ మాత్రమే. మన 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుని నోట్లోకి పోవటం చూసి మీరు భయపడ్డారా? లేదు, నవ్వారు. కెమేరా చేసే మాయ అన్నిచోట్లా ఒక్కటే.

గుట్టు తెలిస్తే భయం తగ్గుతుందన్న సంగతి పెద్దలు అనేకచోట్ల వాడుకున్నారు. 'ది విజర్డ్ ఆఫ్ ఆజ్' అనే 1939 నాటి చిత్రంలో మార్గరెట్ హామిల్టన్ అనే నటి మంత్రగత్తె వేషం వేసింది. ఆమెను చూసి ఎందరో పిల్లలు హడలిపోయారు. 1975 లో ఆమె ఫ్రెడ్ రోజర్స్ నడిపే పిల్లల టెలివిజన్ కార్యక్రమానికి మామూలు దుస్తులతో వచ్చింది. పిల్లలు చూస్తుండగా ఆ వేషపు దుస్తులు ఒక్కొక్కటే వేసుకుని, వేషం ఎట్లా తయారవుతుందో చూపించింది.

చిత్రంలో వినిపించే ఒక వింత శబ్దం కూడా భయపెడుతుంది. గాలి ఏడుస్తున్నట్టుంటుంది. అది థెరమిన్ అనే వాద్యం. దాన్ని సుమారు 1920 లో రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ థెరమిన్ కనిపెట్టాడు. దాని విశేషం ఏమంటే, చేత్తో ముట్టుకోకుండానే వాయిస్తారు! పెట్టెకు ఒక నిలువు కడ్డీ, ఒక వంపు కడ్డీ ఉంటాయి. నిలువు కడ్డీకి చెయ్యి దగ్గరయితే స్వరం హెచ్చుతుంది, దూరమయితే తగ్గుతుంది. రెండవ కడ్డీ దగ్గర చెయ్యి ఆడిస్తే ధ్వని పెద్దదీ, చిన్నదీ అవుతుంది. మన శరీరం విద్యుత్తును కొద్దిగా నిలవ ఉంచుకోగలదు. అందుచేత చెయ్యి కదిలితే పెట్టెలోని విద్యుత్ కంపనాలు మారుతాయి. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఈ చిత్రానికి రెండు థెరమిన్‌లు వాడాడు. భయం వేసినప్పుడు, "అది చేతులు గాలిలో ఆడించే ఒక వాద్యం," అనుకోండి.

అపరిచితుడితో తిరగటం

పెద్దలు గమనించవలసిన మరొక సంగతి ఉన్నది. ఇందులో భయం ఏమీ లేదు. అందుకే అది కంటబడదు.

నిన్న కాక మొన్న ఇంట్లో దిగిన అపరిచితుడితో బాబీని రోజంతా ఊరు తిరగటానికి వాళ్ల అమ్మ పంపిస్తుంది. ఒక రాత్రి వాడు ఎవరికీ చెప్పకుండా క్లాటూ వెనకే వెళ్లి, అతను వాహనంలోకి పోవటం చూస్తాడు. కథలో క్లాటూ ఉత్తముడు గనక ఏమీ కాలేదు. బాబీ దయగల పిల్లవాడు. ఆ దయ నేర్చుకోదగినదే. కాని అపరిచితుడి పట్ల దయగా ఉండటం వేరు, అతనితో ఒంటరిగా వెళ్లటం వేరు. అమ్మానాన్నలకు తెలియకుండా ఎవరితోనూ ఎక్కడికీ పోరాదు. చిత్రం ఈ సంగతి చెప్పదు. పక్కన కూర్చున్న పెద్దలే చెప్పాలి. చిత్రం ఆపి చెప్పినా తప్పులేదు.

నిజమెంత? కల్పన ఎంత?

విజ్ఞాన కథ చూసేటప్పుడు లెక్క కట్టి చూడటం మంచి అలవాటు. క్లాటూ తాను 25 కోట్ల మైళ్ల దూరం అయిదు నెలల్లో వచ్చానంటాడు. 25 కోట్ల మైళ్లంటే సుమారు 40 కోట్ల కిలోమీటర్లు. అంగారక గ్రహం మనకు మిక్కిలి దూరంగా పోయినప్పుడు ఇంచుమించు అంతే దూరంలో ఉంటుంది. అయిదు నెలలకు 150 రోజులనుకుంటే, గంటకు సుమారు 1,11,000 కిలోమీటర్ల వేగం కావాలి. మీరే భాగించి చూడండి. మన దేశపు మంగళ్‌యాన్ 2013 నవంబరు 5 న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24 న అంగారకుడి చుట్టూ తిరగసాగింది. అంటే పది నెలలకు పైగా పట్టింది. చిత్రం తీసిననాటికి మానవుడు అంతరిక్షంలోకి ఒక్క ఉపగ్రహాన్ని కూడా పంపలేదు. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ 1957 లో పోయింది. ఆ సంగతి తలచుకుంటే ఆ రచయితల ఊహ మెచ్చుకోదగినదే.

కాని ఆసుపత్రులను విడిచిపెట్టి ప్రపంచంలో కరెంటు అంతా ఒక్కసారి ఆపే ఉపాయం ఎవరికీ తెలియదు. అది కేవలం కల్పన. అంగారకుడి మీద క్లాటూ వంటి మనుషులూ లేరు. ఇవి చెబితే ఎనిమిదేళ్ల పిల్లవాడికి సగం భయం పోతుంది.

చివరి మాట: తలపు భయం

ఇప్పుడు క్లాటూ వచ్చిన పని ఏమిటో చూద్దాం. భూమి మీది మనుషులు అణుశక్తి కనిపెట్టారు, రాకెట్లు చేస్తున్నారు. మీలో మీరు కొట్టుకుంటే మాకేమీ పట్టింపు లేదు గాని, ఆ యుద్ధాన్ని అంతరిక్షంలోకి తెస్తే మాత్రం మీ భూమిని బూడిద చేస్తామంటాడు. తమ గ్రహాలలో శాంతిని కాపాడటానికి గోర్ట్ వంటి రోబోలను పోలీసులుగా పెట్టుకున్నామనీ, ఎవరు దౌర్జన్యం చేసినా అవి వెంటనే శిక్షిస్తాయనీ, వాటి అధికారం తిరిగి తీసుకోవటానికి వీల్లేదనీ చెబుతాడు. శాంతిగా మాతో చేరండి, లేదా నాశనమవండి, ఏది కావాలో మీరే తేల్చుకోండి, అని వెళ్లిపోతాడు.

ఆరేళ్ల తమ్ముడికి ఈ ఉపన్యాసం విసుగు. అప్పటికి వాడు నిద్రపోతూ ఉండవచ్చు. పదకొండేళ్ల అక్కకు మాత్రం ఇదే అసలు భయం. "నిజంగా భూమి బూడిద అవుతుందా?" అని ఆమె అడుగుతుంది. ఈ చిత్రం ఉత్తపుణ్యానికి పుట్టలేదు. 1945 లో హిరోషిమా, నాగసాకి నగరాల మీద అణుబాంబులు పడ్డాయి. 1949 లో రష్యా కూడా అణుబాంబు పరీక్షించింది. 1950 లో కొరియాలో యుద్ధం మొదలయింది. మరుసటి ఏడు ఈ చిత్రం వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో తొమ్మిది దేశాల దగ్గర అణ్వాయుధాలున్నాయి. మన దేశం వాటిలో ఒకటి. కనక "అదంతా ఉత్తదే" అని ఆ అక్కకు చెబితే అబద్ధం చెప్పినట్టే. గోర్ట్‌ను గురించి 'ఉత్తదే' అనవచ్చు. అణుబాంబును గురించి అనకూడదు.

మరేం చెప్పాలి? నిజం చెప్పాలి, నిజంలో ధైర్యం కలిగించే భాగం కూడా చెప్పాలి. 1963 లో గాలిలోనూ, నీటిలోనూ, అంతరిక్షంలోనూ అణుబాంబుల పరీక్షలు మానుకుంటామని దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. 1967 నాటి ఒడంబడిక ప్రకారం అంతరిక్షంలో అణ్వాయుధాలు నిలపరాదు. క్లాటూ ఏ పని చేయవద్దని బెదిరించాడో, దాన్ని చేయబోమని మనుషులు ఏ రోబో బెదిరించకుండానే కాగితం మీద సంతకాలు పెట్టుకున్నారు! పని పూర్తికాలేదు, కాని మొదలయింది.

మరొక మాట. క్లాటూ చెప్పింది మంచిదేనని చాలామంది చూసి మెచ్చుకుంటారు. ఉపాధ్యాయుడిగా నాకు అది పూర్తిగా రుచించదు. బెత్తం చూసి నిశ్శబ్దంగా ఉన్న తరగతి శాంతంగా ఉన్న తరగతి కాదు. మాస్టారు గుమ్మం దాటగానే ఆ శాంతి అయిపోతుంది. శిక్షించే అధికారం మొత్తం యంత్రానికి ఇచ్చి, మళ్లీ తీసుకోవటానికి వీల్లేకుండా చేస్తే, ఆ యంత్రం పొరబడినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? ఇది సినిమా ప్రశ్న మాత్రమే కాదు. మనిషి ఆజ్ఞ లేకుండా తనంతట తానే గురి చూసి కాల్చే ఆయుధాలను గురించి 2014 నుంచి జెనీవాలో దేశాలు సమావేశమై చర్చించాయి. కనక చిత్రం చెప్పినదాన్ని పిల్లలు పాఠంలా ఒప్పుకోనక్కరలేదు, వాదించవచ్చు. వాదించే వయసు రాకముందు చూపిస్తే మాత్రం మిగిలేది బెదిరింపు ఒక్కటే.

తీర్పు

మన దేశంలో సినిమాలకు సర్టిఫికెట్లు ఇచ్చే చట్టం 1952 లో వచ్చింది. అందరూ చూడదగినవాటికి 'యు', పెద్దలకు మాత్రమే అయినవాటికి 'ఏ' అనే గుర్తులుండేవి. 1983 లో, పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడవచ్చునంటూ 'యు/ఏ' వచ్చింది. 2023 లో చట్టాన్ని సవరించి దాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విభజించారు. ఆ గుర్తులను తప్పక చూడండి. కాని గుర్తు సినిమాను చూసి వేసినది, మీ బిడ్డను చూసి వేసినది కాదు. చీకటి గదిలోకి ఒంటరిగా పోయి మంచినీళ్లు తెచ్చుకునే ఏడేళ్ల పిల్లలున్నారు. పదేళ్లు వచ్చినా పోలేనివారూ ఉన్నారు. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

ఈ చిత్రం విషయంలో నా సలహా ఇది. ఏడేళ్ల లోపువారికి వద్దు. కథగా నోటితో చెప్పండి, చాలు. చెప్పే కథలో రోబో ఎంత పెద్దదో పిల్లవాడే తనకు సరిపడా ఊహించుకుంటాడు. ఎనిమిది నుంచి పదేళ్ల వారికి పెద్దలు పక్కన కూర్చుని చూపవచ్చు. ముందు మీరు ఒక్కసారి చూడండి. తరువాత గోర్ట్ గుట్టు చెప్పి, పగటిపూట పెట్టండి. భాష ఇంగ్లీషు గనక మధ్య మధ్య ఆపి తెలుగులో చెప్పండి. ఆ ఆపటం పిల్లలకు ఊపిరి తీసుకునే వ్యవధి అవుతుంది. పదకొండేళ్లు దాటినవారు తప్పక చూడదగిన చిత్రం ఇది. కాని చూసిన తరువాత వాళ్లను వెంటనే పడుకోమని పంపకండి. చివరి ఉపన్యాసం మీద మాట్లాడుకోండి. ఆ మాటలకు మీకు తీరిక లేని రోజున చిత్రమే పెట్టకండి.

అసలు కొలత అదే. సినిమా పుట్టించే భయం కన్నా, పక్కన కూర్చున్న పెద్దలు ఇవ్వగల జవాబు పెద్దదిగా ఉండాలి. అట్లా ఉన్నప్పుడు ఆ సినిమా ఆ పిల్లవాడికి తగినదే. లేనప్పుడు అది ఎంత గొప్ప చిత్రమైనా ఆగవచ్చు. అన్నేళ్లు నిలిచిన చిత్రం, మీ వాడు ఎదిగేదాకా మరో రెండేళ్లు నిలవదా?

పిల్లలూ, మీకు ఒక్క మాట. ఏ సినిమా చూస్తున్నా భయం వేస్తే, "భయంగా ఉంది, ఆపండి," అని చెప్పండి. పిరికివాడంటారేమో అని నోరు మూసుకోకండి. హెలెన్‌కు గోర్ట్ ముందు నిలబడితే కాళ్లు వణికాయి. భయం లేకపోవటం వల్ల కాదు, భయంలోనూ చెప్పవలసిన మాట చెప్పటం వల్లనే ఆమె అందరినీ కాపాడింది.

చిత్రం చూసినవారు ఈ ప్రశ్నలు ఆలోచించండి:

1. మొదటి సైనికుడు తుపాకి పేల్చకుండా ఉంటే కథ ఎట్లా నడిచేది?

2. ప్రపంచంలో కెల్లా గొప్పవారు ఎవరని క్లాటూ మిమ్మల్ని అడిగితే, ఎవరి ఇంటికి తీసుకువెళతారు?

3. రోబో కాపలా లేకుండా మీ తరగతిలో తగవులు తీర్చుకోవటానికి మీరు ఏ ఏర్పాటు చేసుకుంటారు?